బండి మీదే... మరి తాళం?

మీట నొక్కగానే ‘కుయ్‌’మంటూ తలుపులు తెరుచుకునే రిమోట్‌ ఒకప్పుడు గొప్పింటి వైభోగం. సెకండ్‌హ్యాండ్‌ కార్లతో పాటు అదీ పల్లెలకు వచ్చేసింది. కానీ పాత బండి రిమోట్‌ మొరాయిస్తే ఏం చేయాలో, కొత్త రిమోట్‌కు బండితో స్నేహం ఎలా కలపాలో తెలిసినవారు తక్కువ. ఆ బండి తన పాత యజమానిని మరిచిపోయిందా లేదా అని ఆరా తీసేవారు మరీ తక్కువ!

చిట్టమూరు... ఇటు నాయుడుపేట, అటు కోట, వాకాడు. ఆ పక్కనే పులికాట్‌ సరస్సు. 2022 ఏప్రిల్‌దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. జిల్లా పేరు మారినా ఊళ్ల తీరు మారలేదు. వరిపొలాలు, రొయ్యల గుంటలు, వాటి మధ్య సన్నటి రోడ్లు, ఎప్పుడూ వీచే ఉప్పుగాలి. శ్రీహరికోటలో రాకెట్‌ లేచిందంటే పిల్లలు మిద్దెలెక్కి చూసే దూరం.

ఇలాంటి చోట కారు సోకు కాదు, అవసరం. అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాలన్నా, రొయ్యల పట్టుబడి రోజున గుంట దగ్గరికీ ఇంటికీ పదిసార్లు తిరగాలన్నా బండి ఉండాల్సిందే. అలాగని అందరూ షోరూమ్‌కు వెళ్లి కొత్తది కొనలేరు. నాయుడుపేట దగ్గర హైవే ఎక్కితే ఒకవైపు నెల్లూరు, మరోవైపు చెన్నై. రెండుచోట్లా పాత కార్ల బేరాలకు కొదవ లేదు. పదేళ్లు నడిచిన స్విఫ్టో, శాంత్రోనో, ఇండికానో తెచ్చుకుంటే పని జరిగిపోతుంది.

బండి వచ్చిన రోజు సంబరమే వేరు. మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి దగ్గర ఆపి పూజ చేయిస్తారు. గూడూరు నిమ్మ మార్కెట్టు దగ్గర్లోనే ఉంది కాబట్టి చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలకూ లోటుండదు. ఇంజిన్‌ చూస్తారు, టైర్లు చూస్తారు, ఆర్సీ చూస్తారు. చేతికిచ్చిన తాళంచెవి ఒక్కటేనా, రెండోది ఎక్కడుంది, దాని రిమోట్‌ ఎవరి దగ్గరుంది... ఈ సంగతులు అడగాలని మాత్రం ఎవరికీ తోచదు. నెల తిరక్కముందే ఆ ఒక్క రిమోట్‌ కూడా మూగనోము పడుతుంది. అప్పుడు మొదలవుతుంది తిరుగుడు!

ఒక గుత్తి... మూడు తాళాలు

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ‘కారు తాళం’ అని మనం ఒక్కమాటలో అనేస్తాం కానీ, అందులో మూడు వేర్వేరు తాళాలుంటాయి.

మొదటిది ఇనుప తాళం. తలుపు కంతలోనూ స్టీరింగ్‌ పక్కనా పెట్టి తిప్పే పళ్ల చెవి. దీనికి కరెంటుతో పనిలేదు. పళ్లు అచ్చుగుద్దినట్టు కోస్తే చాలు, ఎన్ని నకళ్లయినా చేయించుకోవచ్చు.

రెండోది రేడియో తాళం. అదే రిమోట్‌. మీట నొక్కితే కొన్ని మీటర్ల దూరం నుంచే తలుపులు తెరుస్తుంది, మూస్తుంది. అంతవరకే దాని పని. ఇంజిన్‌తో దానికి సంబంధం లేదు.

మూడోది కంటికి కనిపించదు. తాళంచెవి ప్లాస్టిక్‌ పిడిలో బియ్యపుగింజకు కాస్త పెద్దగా ఉండే చిప్‌ అది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం కంత చుట్టూ ఉండే తీగచుట్ట నుంచి వచ్చే 125 కిలోహెర్ట్జ్‌ తరంగాలే దానికి శక్తినిస్తాయి. చెవి పెట్టి తిప్పగానే చిప్‌ తన గుర్తింపు చెబుతుంది. అది సరిపోతేనే ఇంజిన్‌కు పెట్రోలు అందుతుంది. ఈ ఏర్పాటు పేరే ఇమ్మొబిలైజర్‌. మారుతి దీన్ని ‘ఐక్యాట్స్‌’ పేరుతో తన కార్లలో పెట్టింది.

ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. తలుపులు తెరుచుకుంటున్నాయి, ఇంజిన్‌ మాత్రం పలకడం లేదంటే అనుమానించాల్సింది రిమోట్‌ను కాదు, చిప్‌ను. ఇంజిన్‌ చక్కగా స్టార్టవుతోంది, తలుపులే వినడం లేదంటే చిప్‌ జోలికి పోనక్కర్లేదు. మొదటిది నిపుణుడి పని. రెండోది చాలా బండ్లలో యజమానే కూర్చుని చేసుకోగల పని.

పాలలెక్క లాంటిదే!

రిమోట్‌కు చరిత్ర కాస్త ఉంది. కారు తలుపును దూరం నుంచి తెరిచే పద్ధతిని మొదట జనంలోకి తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన రెనో సంస్థ. 1980ల ఆరంభంలో ‘ఫ్యుయేగో’ అనే కారులో దీన్ని పెట్టింది. అది మన టీవీ రిమోట్‌లాగే కంటికి కనిపించని పరారుణ కాంతితో పనిచేసేది. తర్వాత రేడియో తరంగాలొచ్చాయి. యూరప్‌లోనూ మనదేశంలోనూ ఎక్కువ రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్‌ మీద మాట్లాడతాయి. అమెరికా, జపాన్‌ బండ్లలో 315 ఎక్కువ. విదేశాల్లో ఉన్న బంధువుతో ‘అచ్చం ఇలాంటిదే’ అని తెప్పించుకున్న రిమోట్‌ ఇక్కడి బండికి పనిచేయకపోవడానికి ఇదో కారణం.

తొలినాళ్ల రేడియో రిమోట్లది ఒకటే పాట. ఎన్నిసార్లు నొక్కినా అదే సంకేతం. దాన్ని ఎవడైనా గాల్లోంచి పట్టి దాచుకుని, తర్వాత తిరిగి వినిపిస్తే కారు గుడ్డిగా తలుపు తీసేది. ఈ గండాన్ని తప్పించడానికి పుట్టిందే ‘రోలింగ్‌ కోడ్‌’. దక్షిణాఫ్రికాలోని నానోటెక్‌ అనే సంస్థ 1980లలో ‘కీలాక్‌’ అనే విధానాన్ని తయారుచేసింది. అమెరికాకు చెందిన మైక్రోచిప్‌ టెక్నాలజీ 1995లో దాన్ని కోటి డాలర్లకు కొనుక్కుంది. ఆ తర్వాత ప్రపంచమంతా ఎన్నో కార్లలో, గ్యారేజీ తలుపుల్లో అదే వినిపించింది.

ఇంతకీ అదెలా పనిచేస్తుంది? పల్లెల్లో పాలలెక్క తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పాలు పోసే మనిషి తన పుస్తకంలో ఓ గీత గీస్తాడు. ఇంటావిడ గోడ మీద ఓ బొగ్గుగీత గీస్తుంది. నెలాఖరున రెండు లెక్కలూ కలవాలి. రిమోట్‌, కారు కూడా అంతే. మీట నొక్కిన ప్రతిసారీ రిమోట్‌ తన లెక్క ఒకటి పెంచుకుని, దాన్ని రహస్య లిపిలోకి మార్చి పంపుతుంది. ఆ రహస్యం తెలిసిన కారు దాన్ని విప్పి చూసుకుంటుంది. లెక్క తన దగ్గరున్న దానికన్నా ముందుంటే తలుపు తీస్తుంది. వెనకటి అంకె వచ్చిందో... ‘ఇది నిన్నటి లెక్క, దొంగలెక్క’ అని ఊరుకుంటుంది.

కీలాక్‌లో రహస్య భాగం 32 బిట్లు. అంటే 429 కోట్లకు పైగా రూపాలు. లెక్క 65,536 దాకా నడిచి మళ్లీ మొదటికొస్తుంది. రోజుకు పదిసార్లు నొక్కినా ఒక చుట్టు పూర్తవడానికి దాదాపు 18 ఏళ్లు పడుతుంది. పాత కారు ఆయుష్షు కన్నా ఎక్కువే!

మరి పిల్లవాడు రిమోట్‌ తీసుకుని ఇంట్లో కూర్చుని వందసార్లు నొక్కితే? రిమోట్‌ లెక్క ముందుకెళ్లిపోతుంది, కారు లెక్క అక్కడే ఉంటుంది. దీనికీ ఓ సర్దుబాటు ఉంది. కీలాక్‌ను తయారీదారు సూచించినట్టు అమర్చిన బండిలో తేడా 16 లోపుంటే కారు అడ్డు చెప్పదు. అంతకు మించితే మాత్రం మొదటి నొక్కుడును నమ్మదు. వెంటవెంటనే రెండుసార్లు నొక్కి, ఆ రెండు అంకెలూ వరుసగా ఉంటే సరేనని లెక్క సరిచేసుకుంటుంది. ‘మొదటిసారి పలకలేదు, రెండోసారి పలికింది’ అని కొందరు ఆశ్చర్యపోయేది ఇందుకే.

బిళ్ల మార్చి చూశారా?

రిమోట్‌ పలకడం లేదనగానే ‘కోడింగ్‌ పోయింది, కొత్తది వేయాలి’ అనే మాట వినిపిస్తుంది. చాలాసార్లు అసలు దోషి లోపలున్న బటన్‌ బ్యాటరీయే. దాని మీద సీఆర్‌ 2032 అనో సీఆర్‌ 1616 అనో రాసి ఉంటుంది. అది వట్టి నంబరు కాదు, కొలత. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 1616 అంటే 16 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం. 2025 బిళ్ల కూడా 20 మిల్లీమీటర్లే కానీ మందం 2.5. దాన్ని 2032 స్థానంలో పెడితే వదులుగా ఉండి ఒకసారి పనిచేసి మరోసారి మానేస్తుంది. వీటన్నిటి శక్తీ 3 వోల్టులే.

తీరప్రాంతంలో మరో శత్రువు ఉప్పుగాలి. చెమట చేతులు, గుంట గట్ల మీది తేమ కూడా దానికి తోడవుతాయి. బ్యాటరీని పట్టి ఉంచే సన్నటి రేకులు చిలుమెక్కుతాయి. అలాంటప్పుడు రిమోట్‌ విప్పి, రేకులను పెన్సిల్‌ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌ అద్దిన దూదితో తుడిచి, బాగా ఆరాక బిగిస్తే చాలాసార్లు ప్రాణం లేచొస్తుంది. మీట కింది రబ్బరు అరిగిపోతే కొత్త డొక్కు కొని పాత సర్క్యూట్‌ను అందులోకి మార్చుకోవచ్చు. ఇందుకు కోడింగ్‌ అక్కర్లేదు. కాకపోతే ఓ జాగ్రత్త. కొన్నిటిలో ఇమ్మొబిలైజర్‌ చిప్‌ డొక్కుకే అతికి ఉంటుంది. దాన్ని చూడకుండా పాత డొక్కు పారేస్తే బండి స్టార్టవ్వదు!

మరో పరీక్ష: లోపల కూర్చుని డ్రైవర్‌ తలుపు దగ్గరి లాక్‌ నొక్కి చూడాలి. అప్పుడు నాలుగు తలుపులూ కదిలితే మోటార్లు, ఫ్యూజు బాగున్నట్టే. లోపం రిమోట్‌లోనో, దాని మాట వినే రిసీవర్‌లోనో ఉంది. అసలు ఏ తలుపూ కదలకపోతే రిమోట్‌ను తిట్టుకోవడం దండగ. టీవీ రిమోట్‌ను సెల్‌ఫోన్‌ కెమెరా ముందు నొక్కి వెలుగు చూసే చిట్కా ఇక్కడ పారదు. కారు రిమోట్‌ పంపేది వెలుగు కాదు, రేడియో తరంగం.

ఒక్కోసారి తప్పు బండిదీ కాదు, రిమోట్‌దీ కాదు. 2019లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్త్‌ ఓమ్‌స్టెడ్‌లో ఓ వీధివీధంతా కారు రిమోట్లు, గ్యారేజీ రిమోట్లు పనిచేయడం మానేశాయి. దగ్గర్లో నాసా పరిశోధన కేంద్రం ఉండటంతో కొందరి అనుమానం అటు మళ్లింది. తీరా చూస్తే ఎలక్ట్రానిక్స్‌ సరదా ఉన్న ఓ వ్యక్తి ఇంట్లో సొంతంగా చేసుకున్న చిన్న పరికరం ఎడతెగకుండా 315 మెగాహెర్ట్జ్‌ తరంగాలు పంపుతోంది. దాన్ని ఆపగానే వీధి తేరుకుంది. కాబట్టి ఇంటి ముందు పలకని రిమోట్‌ను మరోచోట పరీక్షించాలి. అక్కడ పలికితే దోషి ఇంటి చుట్టుపక్కలే ఉంది. శ్రీహరికోట రాకెట్ల మీదికి నెట్టేయనక్కర్లేదు!

నేర్పించేదిలా...

బ్యాటరీ మార్చినా ఫలితం లేదు. లేదా రిమోట్‌ పోయి కొత్తది కొన్నారు. అప్పుడు బండికి దాన్ని పరిచయం చేయాలి. మెకానిక్కులు ‘కోడింగ్‌’ అనేది దీన్నే. కారులోని రిసీవర్‌కు చిన్న జ్ఞాపకం ఉంటుంది. తన రిమోట్ల నంబర్లు, ఒక్కోదాని లెక్క అందులో రాసుకుంటుంది. చాలా బండ్లు నాలుగు రిమోట్లదాకా గుర్తుపెట్టుకుంటాయి. ఆ పట్టికలోకి కొత్త పేరు ఎక్కించడమే మన పని. దీనికి మూడు దారులున్నాయి.

మొదటి దారి, బయట పెట్టించిన సెంట్రల్‌ లాకులది. మారుతి 800, టాటా సుమో, క్వాలిస్‌, తొలినాటి ఇండికా... వీటిలో చాలావాటికి కంపెనీ రిమోట్‌ ఇవ్వలేదు. ఆటోకాప్‌, నిప్పన్‌ వంటి సంస్థల పరికరాలను యాక్సెసరీల షాపుల్లో బిగించుకున్నారు. వీటిలో సాధారణంగా డాష్‌బోర్డు కింద ఓ చిన్న రహస్య స్విచ్‌ ఉంటుంది. తాళం తిప్పి ఇగ్నిషన్‌ ఆన్‌ చేసి, ఆ స్విచ్‌ను కరపత్రంలో చెప్పినన్నిసార్లు నొక్కితే సైరన్‌ కూస్తుంది. ‘నేర్చుకోవడానికి సిద్ధం’ అని దానర్థం. అప్పుడు కొత్త రిమోట్‌ మీట నొక్కితే మళ్లీ కూస్తుంది. పాఠం పూర్తయినట్టే.

రెండో దారి, కంపెనీ బండ్లలోని తాళం ఆట. పరికరాలేవీ లేకుండానే బండిని నేర్చుకునే స్థితిలోకి తెచ్చే ఓ వరుస ఉంటుంది. దాదాపు మంత్రం లాంటిది! అమెరికాలో అమ్మిన పాత ఫోర్డు కార్లు చాలావాటిలో తలుపులన్నీ మూసి, పది సెకన్లలో తాళాన్ని ఎనిమిదిసార్లు ఆఫ్‌ నుంచి ఆన్‌కు తిప్పాలి. తలుపులు వాటంతటవే ఒకసారి మూసుకుని తెరుచుకుంటాయి. అప్పుడు రిమోట్‌ మీట నొక్కాలి. మళ్లీ తలుపులు కదిలితే ఒప్పుకున్నట్టు. పాత నిస్సాన్లలో పద్ధతి వేరు. తాళంచెవిని పది సెకన్లలో ఆరుసార్లు పూర్తిగా పెట్టి తీస్తే నాలుగు వైపులా హెచ్చరిక దీపాలు వెలిగి ఆరతాయి. ఆ తర్వాతే మీట పని.

మోడల్‌ను బట్టి, సంవత్సరాన్ని బట్టి, అమ్మిన దేశాన్ని బట్టి ఈ వరుస మారుతుంది. అందుకే బండితో వచ్చిన మాన్యువల్‌ పుస్తకాన్ని పాత యజమాని దగ్గర అడిగి తీసుకోవాలి. ఎవరో చెప్పారని వేరే మోడల్‌ వరుస ప్రయత్నిస్తే నష్టమేమీ జరగకపోవచ్చు కానీ, ఫలితమూ ఉండదు. సెకన్ల లెక్క దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. తాపీగా తిప్పినా, మధ్యలో ఓ తలుపు సరిగ్గా పడకపోయినా మొదటికే వస్తుంది.

మూడో దారి, కంప్యూటర్‌ది. మనదేశంలో 2010 ఏప్రిల్‌ నుంచి మొదటి దశ, 2013 ఏప్రిల్‌ నుంచి రెండో దశ ఓబీడీ నిబంధనలు వచ్చాయి. బండి తన జబ్బు తానే చెప్పుకునే ఏర్పాటది. డ్రైవర్‌ మోకాలి పైన డాష్‌బోర్డు కింద కనిపించే సాకెట్‌ దానిదే. చాలా మోడళ్లలో రిమోట్‌నూ చిప్‌నూ నేర్పించడానికి ఆ సాకెట్‌కు పరికరం తగిలించాల్సిందే. కొన్నిటికి బండి రహస్య నంబరు కూడా కావాలి. ఇది అధీకృత వర్క్‌షాపులో, లేదంటే పేరున్న తాళాల నిపుణుడి దగ్గర చేయించుకోవాలి.

చెన్నై పుదుపేట లాంటి పాత సామాన్ల బజార్లలో వాడిన రిమోట్లు చవగ్గా దొరుకుతాయి. కొనేముందు రెండు చూడాలి. సర్క్యూట్‌ మీది నంబరు, ఫ్రీక్వెన్సీ మన రిమోట్‌తో కలవాలి. అది చిప్‌ ఉన్న తాళంచెవి అయితే మరింత జాగ్రత్త. ఒక బండితో ముడిపడిన చిప్‌ను మరో బండి ఒప్పుకోని మోడళ్లు చాలా ఉన్నాయి. అక్కడ రిమోట్‌ భాగం పనికొచ్చినా ఇంజిన్‌ కోసం కొత్త చిప్‌ కొనక తప్పదు.

మరిపించడమే అసలు పని

ఇంతవరకూ నేర్పించడం గురించే. దానికన్నా పెద్ద పని ఇంకోటుంది. అదే మరిపించడం.

పాత బండికి మీకన్నా ముందు ఒకరో ఇద్దరో యజమానులుంటారు. వారి డ్రైవరు, మధ్యలో బేరం కుదిర్చిన బ్రోకరు, వారం రోజులు షెడ్డులో పెట్టుకున్న మెకానిక్కు... ఎవరి దగ్గరైనా రెండో రిమోట్‌ ఉండిపోయి ఉండొచ్చు. కావాలని దాచిపెట్టి ఉండకపోవచ్చు, ఏ సొరుగులోనో మరిచిపోయి ఉండొచ్చు. కానీ బండి మరిచిపోదు కదా! ఆ రిమోట్‌ నొక్కితే ఇవాళ్టికీ మీ కారు తలుపులు తెరుచుకుంటాయి. తాళంలో చిప్‌ కూడా ఉంటే ఇంజిన్‌ కూడా స్టార్టవుతుంది. పట్టుబడి డబ్బు డ్యాష్‌బోర్డులో పెట్టి గుంట గట్టుమీద నిలబడిన రైతుకు ఇది చిన్న విషయం కాదు.

ఫారం 29, ఫారం 30 నింపితే ఆర్సీలో పేరు మారుతుంది. చెన్నై నుంచి తెచ్చిన బండైతే ఫారం 28తో ఎన్‌వోసీ కూడా తెచ్చుకోవాలి. కానీ బండి జ్ఞాపకంలోంచి పాత చేతులను చెరిపేసే ఫారం ఏ రవాణా కార్యాలయంలోనూ ఉండదు. ఆ పని కొన్నవారే చేసుకోవాలి.

బ్యాటరీ వైరు ఓ రాత్రంతా తీసేసి ఉంచితే బండి అన్నీ మరిచిపోతుందని కొందరి నమ్మకం. అది నిజం కాదు. ఈ పట్టిక కరెంటు లేకున్నా చెరగని జ్ఞాపకంలో ఉంటుంది. పైన చెప్పిన ఫోర్డు పద్ధతిలో ఓ మేలుంది. నేర్చుకునే స్థితిలోకి వెళ్లి కొత్త రిమోట్‌ నేర్పగానే పాతవన్నీ రద్దవుతాయి. అందుకే ఇంట్లో ఉన్న రిమోట్లన్నిటినీ ఒకే విడతలో వరసగా నేర్పించాలి. మరికొన్ని బండ్లు కొత్త రిమోట్‌ను పట్టికలో కలుపుతాయే తప్ప పాతవాటిని తీసేయవు. అలాంటివాటిలో పట్టిక నిండేదాకా, అంటే నాలుగు చోట్లుంటే మన రిమోట్లనే నాలుగుసార్లు నేర్పించి పాతవాటిని బయటికి నెట్టే ఉపాయం కొన్ని మోడళ్లలో పారుతుంది. ఏది పారుతుందో మాన్యువలే చెప్పాలి.

కంప్యూటర్‌తో చేయించుకునేవారికి ఇది ఇంకా తేలిక. ‘ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూపించండి’ అని అడగాలి. చాలా మోడళ్లలో ఆ అంకె తెర మీద కనిపిస్తుంది. మీ చేతిలో రెండుండి తెర మీద మూడు కనిపిస్తే... ఆ మూడోది ఎవరిది? అన్నీ చెరిపించి మీ రెంటినే ఎక్కించమనాలి. ఒక్క తాళమే ఉన్నవారు అదే విడతలో రెండోది చేయించుకోవడం మేలు. ఉన్న ఒక్కటీ పోయాక చేయించుకోవాలంటే ఖర్చూ శ్రమా రెండూ పెరుగుతాయి. బండిని లాక్కుంటూ వర్క్‌షాపుకు తీసుకెళ్లాల్సి రావచ్చు.

చిప్‌ లేని పాత బండి సంగతేంటి? అక్కడ రిమోట్‌ను మరిపించినా పాత ఇనుప తాళంచెవి ఇంజిన్‌ను లేపేస్తుంది. తాళం కంతల సెట్టు మొత్తం మార్చడం ఒక దారి. అంత ఖర్చు వద్దనుకుంటే గేర్‌లాకో, పెట్రోలు పంపుకు రహస్య స్విచ్చో పెట్టించుకోవచ్చు. ఇమ్మొబిలైజర్‌ విలువ తెలియాలంటే నెదర్లాండ్స్‌ అనుభవం చూడాలి. కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేశాక అక్కడ కార్ల దొంగతనాలు దాదాపు 40 శాతం తగ్గాయని ఇద్దరు ఆర్థికవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధనలో లెక్కగట్టారు.

బీమా కోణం కూడా ఉంది. బండి పోయిందని క్లెయిము పెడితే బీమా సంస్థలు అడిగేవాటిలో తాళంచెవుల జత ఒకటి. రెండోది చూపించలేకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. కొన్నప్పుడే ఒకటి ఇచ్చారన్న సంగతి అమ్మకం కాగితంలో రాయించుకుంటే తర్వాత తలనొప్పి తగ్గుతుంది.

దొంగా చదువుకున్నాడు!

రోలింగ్‌ కోడ్‌ వచ్చింది కదా, ఇక నిశ్చింత అనుకోవడానికి లేదు. కీలాక్‌లోని రహస్యాన్ని ఛేదించే మార్గాలను 2007లో ఇజ్రాయెల్‌, బెల్జియం పరిశోధకులు, 2008లో జర్మనీలోని బోఖుమ్‌ విశ్వవిద్యాలయం వారు బయటపెట్టారు. 2015లో అమెరికాకు చెందిన శామీ కామ్‌కర్‌ ‘రోల్‌జామ్‌’ అనే చిన్న పరికరాన్ని చూపించారు. యజమాని నొక్కిన సంకేతాన్ని కారుకు వినపడకుండా చేసి తాను దాచుకుంటుందది. తలుపు తెరుచుకోలేదని యజమాని రెండోసారి నొక్కుతాడు. దాన్నీ పట్టుకుని, మొదటిదాన్ని కారుకు వినిపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, యజమానికి అనుమానం రాదు. వాడని రెండో సంకేతం మాత్రం దొంగ జేబులో ఉంటుంది! దాని తయారీకి అయిన ఖర్చు 32 డాలర్లు.

ఇవన్నీ విని భయపడనక్కర్లేదు. ఇలాంటి పరికరంతో తలుపు తెరిచినా, చిప్‌ ఉన్న బండి ఇంజిన్‌ లేవదు. పైగా పాత బండికి ఓ మేలుంది. జేబులో తాళం ఉంటే చాలు, మీట నొక్కకుండానే తెరుచుకునే కొత్త కార్లను ఇంట్లో ఉన్న తాళం సంకేతాన్ని బయటికి సాగదీసి దొంగిలించవచ్చని జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ 2016లో పరీక్షించి చూపించింది. మీట నొక్కితే తప్ప నోరు మెదపని పాత రిమోట్‌కు ఆ గొడవ లేదు. లాక్‌ నొక్కాక పిడి పట్టి ఓసారి లాగి చూసే పాత అలవాటు మాత్రం మానకూడదు.

బొమ్మ కాదు... జాగ్రత్త

రిమోట్‌ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట పిల్లల గురించి. 2025 మే నెలలో విజయనగరం సమీపంలోని ద్వారపూడిలో ఆడుకుంటూ ఓ కారులోకి ఎక్కిన నలుగురు చిన్నారులు తలుపులు పడిపోయి బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. ఎండలో నిలబెట్టిన కారు లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది. అందుకే రిమోట్‌ను చంటిపిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వకూడదు. ఇంటి ముందు ఆపిన బండికి ఎప్పుడూ తాళం వేసే ఉంచాలి. కోడింగ్‌ చేస్తున్నప్పుడు తలుపులు వాటంతటవే మూసుకుంటాయి కాబట్టి ఆ సమయంలో పిల్లలు లోపల ఉండకూడదు. పని జరిగేంతసేపూ డ్రైవర్‌ కిటికీ అద్దం దించి ఉంచుకోవాలి. తాళంచెవి లోపల, మనిషి బయట ఉండిపోయే ఇబ్బందీ తప్పుతుంది. బటన్‌ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. పాత బిళ్లను కూడా పిల్లలకు అందకుండా పారేయాలి.

కొనేముందు ఇవి అడగండి

* తాళంచెవులు ఎన్ని? రెండోది ఏమైంది? రెంటితోనూ ఇంజిన్‌ స్టార్టవుతోందా?

* రిమోట్‌ కంపెనీదా, బయట పెట్టించిందా? బయటిదైతే దాని కరపత్రం, రహస్య స్విచ్‌ ఎక్కడుందో చెప్పించుకోవాలి.

* కొత్త బండికి తాళాలతో పాటు చిన్న నంబరు బిళ్ల ఇస్తారు. అది ఉందా? ఉంటే తాళాల గుత్తికి కాకుండా ఇంట్లో బీరువాలో దాచుకోవాలి.

* యజమాని మాన్యువల్‌ పుస్తకం ఉందా?

* చేతికొచ్చిన వారంలోపే పాత రిమోట్లన్నీ చెరిపించి, సొంతవి ఎక్కించుకున్నారా?

ఇందులో మొదటి నాలుగూ అమ్మేవారిని అడగాల్సినవి. ఐదోది ఎవరికివారే వేసుకోవాల్సిన ప్రశ్న. డబ్బు చెల్లించిన రోజున బండి ఇంటికొస్తుంది, ఆర్సీ వచ్చిన రోజున పేరు మారుతుంది. తాళం మాత్రం పాత చేతులను మరిచిపోయిన రోజునే మీదవుతుంది!